భర్త ఇచ్చిన కిడ్నీ, గర్భాల నాటి యాంటీబాడీ: ఒక కేస్ స్టడీ

కిడ్నీ మార్పిడికి ముందు, గ్రహీత రక్తాన్ని దాత కణాలతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష నెగటివ్‌గా వస్తే, దాతకు వ్యతిరేకంగా గ్రహీత శరీరంలో యాంటీబాడీలు లేవని అనుకోవడం పరిపాటి. నిజానికి ఆ పరీక్ష అంత మాట చెప్పదు. ఆ రోజు తీసిన రక్తంలో, ఆ పద్ధతికి అందేంత మోతాదులో యాంటీబాడీ లేదని మాత్రమే చెబుతుంది. దాన్ని ఒకప్పుడు తయారుచేసిన కణాల వారసులు ఇంకా ఉన్నాయో లేదో, అవసరమైతే మళ్లీ ఎంత వేగంగా తయారుచేస్తాయో దాని పరిధిలో లేని విషయాలు. ఇక్కడ వివరిస్తున్న రోగిలో ఈ తేడా ఆపరేషన్ తర్వాత ఆరో రోజున బయటపడింది. అదే రోగిలో ఆ తర్వాత మూడేళ్లకు పైగా యాంటీబాడీ రక్తంలో కనబడుతూనే ఉన్నా కిడ్నీ పాడవకపోవడం ఈ కేసు రాయడానికి రెండో కారణం. రోగిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలేవీ ఇందులో చేర్చలేదు.

రోగి, దాత, అందుబాటులో ఉన్న దారులు

రోగి 43 ఏళ్ల మహిళ. ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకునే జబ్బు) వల్ల రెండు కిడ్నీలూ పూర్తిగా దెబ్బతిని, మార్పిడి నాటికి నాలుగేళ్లుగా హీమోడయాలసిస్ మీద ఉన్నారు. మూడుసార్లు గర్భం దాల్చారు. ఇద్దరు పిల్లలు, మధ్యలో ఒక గర్భస్రావం. డయాలసిస్ మొదలైన కొత్తలో హిమోగ్లోబిన్ బాగా పడిపోవడంతో రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి చేసిన ఫిస్టులాలు రెండూ మూసుకుపోయాయి, మెడ కాథెటర్ల వల్ల ఛాతీలోని పెద్ద సిర సన్నబడింది. డయాలసిస్‌కు రక్తం తీసే దారులే కరువవుతున్న పరిస్థితి అది. మేము తీసుకున్న నిర్ణయంలో ఈ ఒక్క అంశానికి చాలా బరువుంది.

కిడ్నీ ఇస్తానని ముందుకు వచ్చిన వ్యక్తి ఆమె భర్త. ఇద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూప్. కణాల మీది గుర్తింపు ప్రోటీన్లను (హెచ్‌ఎల్‌ఏ) నిర్ణయించే టైపింగ్‌లో ఆయనకు ఏ2, ఏ24, బీ35, బీ40, డీఆర్7, డీఆర్15 ఉన్నాయి. ఆమెకు ఏ11, ఏ33, బీ44, బీ52, డీఆర్14, డీఆర్15. అంటే డీఆర్15 ఒక్కటే ఉమ్మడి. రక్తసంబంధం లేని దాత కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. అయితే భర్త దాత అయినప్పుడు భార్య విషయంలో అదనంగా ఆలోచించవలసింది ఒకటుంది. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉండి, తల్లి నుంచి ఒక కట్ట, తండ్రి నుంచి ఒక కట్టగా బిడ్డకు సంక్రమిస్తాయి. గర్భంలోని బిడ్డ కణాల మీద తండ్రి హెచ్‌ఎల్‌ఏ సగం ఉంటుంది. గర్భధారణ సమయంలోనూ, ముఖ్యంగా ప్రసవంలోనూ ఆ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. ఆ విధంగా తల్లి రోగనిరోధక వ్యవస్థ, భర్త కిడ్నీ అవసరం పడటానికి ఎన్నో ఏళ్ల ముందే భర్త హెచ్‌ఎల్‌ఏను చూసి ఉంటుంది. చూసిన ప్రతి తల్లిలోనూ యాంటీబాడీలు రావు. వచ్చినవారిలోనూ కొన్నేళ్లకు రక్తంలో వాటి మోతాదు తగ్గిపోవచ్చు. మోతాదు తగ్గినంత మాత్రాన జ్ఞాపకం పోయినట్టు కాదు.

22 ఏళ్ల కూతురు కూడా కిడ్నీ ఇస్తానని పట్టుబట్టింది. ఆమె టైపింగ్ చూస్తే తండ్రి నుంచి వచ్చిన కట్టలో ఏ2, డీఆర్7 రెండూ ఉన్నాయి. తల్లిలో ఏ యాంటీజెన్ల (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే ప్రోటీన్ల) మీద యాంటీబాడీ ఉందని, కింద చెప్పబోయే పరీక్షలను బట్టి, అనుమానిస్తున్నామో అవే కూతురి కిడ్నీలోనూ ఉంటాయి కాబట్టి దాతను మార్చినందువల్ల ఈ సమస్య తీరదు. సగం హెచ్‌ఎల్‌ఏ కలిసిన బిడ్డ దానం ఎప్పుడూ మెరుగని అనుకునే కుటుంబాలకు ఈ సంగతి ముందుగా విడమరిచి చెప్పవలసి ఉంటుంది. రోగి తోబుట్టువులు మధుమేహం కారణంగా దాతలుగా పనికిరాలేదు. కలవని జంటలు దాతలను పరస్పరం మార్చుకునే జతల మార్పిడి జాబితాలో నమోదు చేసి నెలల తరబడి చూసినా తగిన జత దొరకలేదు.

పరీక్షలు చెప్పినవి

పూరక ప్రోటీన్ల (యాంటీబాడీ అంటుకున్న కణాన్ని ఛేదించే రక్త ప్రోటీన్ల) సాయంతో దాత కణాలను చంపి చూసే సీడీసీ క్రాస్‌మ్యాచ్ టీ కణాలతోనూ, బీ కణాలతోనూ (రెండూ తెల్లకణాల రకాలు; యాంటీబాడీ తయారీ బీ కణాల వంశానిది) నెగటివ్. అంతకంటే సున్నితమైన ఫ్లో క్రాస్‌మ్యాచ్‌లో టీ కణాలు నెగటివ్. బీ కణాలు మాత్రం పాజిటివ్‌గా పరిగణించే హద్దును కొద్దిగా దాటాయి. మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ (ఏ, బీ వంటివి) రెండు రకాల కణాల మీదా ఉంటుంది, రెండో తరగతి హెచ్‌ఎల్‌ఏ (డీఆర్, డీక్యూ వంటివి) విశ్రాంత టీ కణాల మీద ఉండదు. అందువల్ల బీ కణాలు మాత్రమే పాజిటివ్ కావడం రెండో తరగతి యాంటీబాడీని సూచిస్తుంది. ఒక్కో పూస మీద ఒక్కో యాంటీజెన్‌ను అతికించి చేసే లూమినెక్స్ పరీక్ష దాన్నే ధ్రువీకరించింది: డీఆర్7 మీద ఎంఎఫ్‌ఐ (పూస మీది మెరుపు కొలత) 1,850. ఏ2 పూస 500 కంటే తక్కువ చూపింది, అంటే లెక్కలోకి రాదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది తక్కువ ప్రమాదమున్న కేసుగానే లెక్కకు వచ్చేది. కానీ ప్రయోగశాలలో ఆమె పాత సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఒకటి నిల్వ ఉంది. డయాలసిస్ మొదట్లో, రక్తం ఎక్కించిన కొన్ని వారాలకు తీసినది. అందులో ఏ2 మీద ఎంఎఫ్‌ఐ 3,400. దానితోపాటు ఏ68, ఏ69 పూసలు కూడా వెలిగాయి. ఈ మూడు యాంటీజెన్లకు ఒక ఉమ్మడి భాగం ఉందన్నది తెలిసిన విషయమే కాబట్టి, ఇది ఏదో ఒక పూస మీద ప్రోటీన్ చెడిపోయి వచ్చిన తప్పుడు సంకేతం కాదని, నిజమైన యాంటీబాడీయేనని తేలింది. పాత సీరంతో చేసిన సీడీసీ కూడా నెగటివే. మొత్తం మీద ఏ2 విషయంలో పరిస్థితి ఇది: అప్పుడు ఉంది, ఇప్పుడు లేదు.

సీడీసీ క్రాస్‌మ్యాచ్ విలువను 1969లో పటేల్, టెరాసాకీ నిర్ద్వంద్వంగా చూపించారు. పాజిటివ్ క్రాస్‌మ్యాచ్‌తో చేసిన 30 మార్పిళ్లలో 24 వెంటనే విఫలం కాగా, నెగటివ్‌తో చేసిన 195లో వెంటనే విఫలమైనవి 8 మాత్రమే. ఆపరేషన్ టేబుల్ మీదే కిడ్నీ నల్లబడే హైపర్‌అక్యూట్ తిరస్కరణ నేడు చాలా అరుదుగా మారిందంటే ఆ పరీక్ష అన్నిచోట్లా తప్పనిసరి కావడం వల్లనే. అది ఆపగలిగింది అప్పటికే తగినంత మోతాదులో రక్తంలో తిరుగుతున్న యాంటీబాడీని. ఒకసారి చూసిన యాంటీజెన్‌ను గుర్తుంచుకునే జ్ఞాపక బీ కణాలను కొలిచే పరీక్షలు ఉన్నా, అవి ఇంకా పరిశోధనశాలల్లోనే ఎక్కువ. రోజువారీ వైద్యంలో మనకు మిగిలేవి గర్భాలు, రక్తం ఎక్కించుకోవడం, పూర్వపు మార్పిడి వంటి చరిత్ర, భద్రపరచిన పాత సీరం. నా ఉద్దేశంలో, పాత సీరం అడగకుండా ఇచ్చే హెచ్‌ఎల్‌ఏ నివేదిక సగం నివేదికే.

రెండు వైపులా తూచి చూసి ముందుకు వెళ్లాలనే నిర్ణయానికి వచ్చాం. సీడీసీ నెగటివ్, ప్రస్తుత డీఎస్‌ఏ (దాత హెచ్‌ఎల్‌ఏకు వ్యతిరేకమైన యాంటీబాడీ) తక్కువ, డయాలసిస్ దారులు మూసుకుపోతున్నాయి, మరో దాత లేరు. రక్తంలో తీసివేయదగినంత యాంటీబాడీ లేదు కాబట్టి ఆపరేషన్‌కు ముందు ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ (రక్తద్రవాన్ని తీసి వేరే ద్రవం నింపడం) చేయలేదు. రెండు వారాల ముందునుంచే రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ మొదలుపెట్టి, ఆపరేషన్ సమయంలో టీ కణాలను తగ్గించే కుందేలు యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్‌ను కిలోకు 1.5 మిల్లీగ్రాముల చొప్పున మూడు మోతాదులు ఇచ్చాం. మొదటి రెండు వారాల్లో తిరస్కరణ వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువని, వస్తే ఏమి చేస్తామో భార్యాభర్తలిద్దరికీ చెప్పాం. మొదటి, మూడో, ఏడో రోజుల్లో డీఎస్‌ఏ పరీక్షకు నమూనా తీయాలని ముందుగానే రాసుకున్నాం.

ఆరో రోజు

కిడ్నీ టేబుల్ మీదే మూత్రం విడిచింది. కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 7.8 నుంచి నాలుగో రోజుకు 1.2కు దిగింది. మొదటి, మూడో రోజు నమూనాల్లో డీఆర్7 మునుపటి స్థాయిలోనే ఉంది, ఏ2 కనబడలేదు.

ఆరో రోజు ఉదయం క్రియాటినిన్ 1.9. అంతకుముందు రోజు నాలుగు లీటర్లకు పైగా వచ్చిన మూత్రం 1,100 మిల్లీలీటర్లకు పడిపోయింది. జ్వరం లేదు, కిడ్నీ పెట్టినచోట నొప్పి లేదు. టాక్రోలిమస్ స్థాయి 9.4, ఆ దశలో ఉండవలసినంతే. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో ధమని, సిర రెండింటిలోనూ ప్రవాహం ఉంది, మూత్రనాళానికి అడ్డు లేదు, నిరోధక సూచిక (కిడ్నీలో రక్తప్రవాహానికి ఎదురయ్యే అడ్డు కొలత) మాత్రం 0.82కు పెరిగింది. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలకు తగ్గాయి. యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ కూడా ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని నిర్ణయానికి రాలేదు, రక్తపు పూతలో పగిలిన ఎర్రకణాలు కనబడలేదు. ఏడో రోజుకు ఆగకుండా డీఎస్‌ఏ నమూనా అప్పుడే పంపి, మధ్యాహ్నం కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేశాం.

బయాప్సీలో 14 గ్లోమెరులస్‌లు (రక్తాన్ని వడకట్టే కేశనాళికల గుచ్ఛాలు), రెండు ధమనులు వచ్చాయి. చాలా గ్లోమెరులస్‌లలో లోపలి కణాలు ఉబ్బి, కేశనాళికల దారి తెల్లకణాలతో మూసుకుపోయి ఉంది. గొట్టాల చుట్టూ ఉండే సన్నని కేశనాళికలు వెడల్పయి, ఒక్కో నాళంలో పదికి పైగా న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు గోడకు అంటుకుని వరుసగా నిలిచాయి. గొట్టాల గోడల్లోకి లింఫోసైట్లు చొరబడలేదు, ధమని గోడలో వాపు లేదు. అంటే టీ కణాల తిరస్కరణ లక్షణాలు లేవు. మార్పిడి బయాప్సీలకు వాడే బాన్ఫ్ స్కోర్లలో చెప్పాలంటే జీ2 (గ్లోమెరులస్‌ల వాపు), పీటీసీ3 (గొట్టాల చుట్టూ కేశనాళికల వాపు), టీ0 (గొట్టాల వాపు), వీ0 (ధమనుల వాపు). సీ4డీ రంజనంలో గొట్టాల మధ్య ఉన్న కేశనాళికలన్నీ గోధుమరంగు వలయాలుగా తేలాయి, సీ4డీ3.

సీ4డీ గురించి ఒక మాట. యాంటీబాడీ కిడ్నీ రక్తనాళాల లోపలి పొరను, అంటే ఎండోథీలియాన్ని పట్టుకున్నప్పుడు దాని తోకకు సీ1క్యూ అంటుకుని పూరక ప్రోటీన్ల వరుస మొదలవుతుంది. ఆ వరుసలో సీ4 చీలి, వచ్చిన ముక్క కణజాలంతో రసాయనిక బంధం ఏర్పరచుకుంటుంది. యాంటీబాడీ ఊడిపోయినా, పూరక చర్య ఆగిపోయినా, ఆ ముక్కలో మిగిలే సీ4డీ భాగం కొన్ని రోజులపాటు అక్కడే అతుక్కుని ఉంటుంది. ఫోయిష్ట్ (Feucht), ఆయన సహచరులు 1990ల మొదట్లో దీన్ని మార్పిడి కిడ్నీల్లో గుర్తించేవరకు యాంటీబాడీ చేసిన నష్టాన్ని కణజాలంలో చూపించగల నమ్మకమైన సాక్ష్యం దాదాపు లేదు. అయితే ఇది అన్ని వేళలా కనబడదు. పూరక ప్రోటీన్ల ప్రమేయం లేకుండా, ఎన్‌కే కణాలు (కణాలను చంపే మరో రకం తెల్లకణాలు) తమ సీడీ16 గ్రాహకంతో యాంటీబాడీ తోకను పట్టుకుని కూడా ఎండోథీలియాన్ని గాయపరచగలవు. అందుకే 2013 బాన్ఫ్ సమావేశం తర్వాత సీ4డీ లేకపోయినా, కేశనాళికల్లో తగినంత వాపు, రక్తంలో డీఎస్‌ఏ ఉంటే యాంటీబాడీ తిరస్కరణగానే గుర్తించడం మొదలైంది.

మా రోగిలో కణజాల సాక్ష్యానికి లోటు లేదు. రక్తం నివేదికే మొదట తికమక పెట్టింది. డీఆర్7 మీద ఎంఎఫ్‌ఐ 6,200కు పెరిగింది. ఏ2 తిరిగి వచ్చింది గానీ 4,100 మాత్రమే చూపింది. స్లైడులో కనబడుతున్న తీవ్రతకు ఈ అంకె చాలలేదు. ప్రయోగశాలలో సీరాన్ని పదింతలు పలుచన చేసి మళ్లీ నడిపించమని కోరాం. ఏ2 ఎంఎఫ్‌ఐ 15,600 వచ్చింది. పలుచన చేస్తే తగ్గవలసింది పెరగడానికి కారణం ప్రోజోన్. యాంటీబాడీ చాలా ఎక్కువగా ఉన్నప్పుడు పూస మీదే పూరక ప్రోటీన్ల ముక్కలు పేరుకుపోయి, కొలవడానికి వాడే రెండో యాంటీబాడీకి చోటు లేకుండా చేస్తాయి. సీరాన్ని పూరక చర్యను ఆపే ఈడీటీఏతో శుద్ధి చేసి నడిపినా ఇదే తేలుతుంది. ఎంఎఫ్‌ఐ అన్నది పూస మీది మెరుపు కొలత. దాన్ని యాంటీబాడీ పరిమాణంగా నేరుగా చదవడం ఎంత ప్రమాదమో ఈ రెండు అంకెలు చూస్తే చాలు.

ఏ2 యాంటీబాడీ నాలుగు రోజుల్లోపే శూన్యం నుంచి ఈ స్థాయికి రావడం కొత్తగా మొదలైన స్పందనలో జరిగే పని కాదు. తొలిసారి యాంటీజెన్‌ను చూసిన బీ కణం సహాయక టీ కణాల తోడుతో లింఫ్ గ్రంథిలో ఎదిగి, ఐజీజీ (రక్తంలోని ప్రధాన యాంటీబాడీ రకం) తయారీకి మారి, పరిణతి చెందడానికి వారాలు పడుతుంది. జ్ఞాపక బీ కణానికి ఆ అంచెలన్నీ ముందే పూర్తయి ఉంటాయి. యాంటీజెన్ మళ్లీ కనబడితే కొద్ది రోజుల్లోనే యాంటీబాడీ విడుదల చేసే కణాలుగా మారిపోతుంది. యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ టీ కణాలను బాగా తగ్గించినా, ఎముక మజ్జలో స్థిరపడిన ప్లాస్మా కణాలను, జ్ఞాపక బీ కణాలను తగినంతగా అణచలేదు. మన మందుల్లో అత్యధికం టీ కణాల కోసం రూపొందినవే కావడం ఈ రంగంలో ఇంకా తీరని లోటు.

చికిత్స

అదే రోజు రాత్రి మొదటి ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ చేశాం. బయాప్సీ గాయం తాజాగా ఉంది కాబట్టి మొదటి రెండు విడతల్లో ఆల్బుమిన్‌తోపాటు తాజా ఘనీభవించిన ప్లాస్మా కూడా ఎక్కించాం. ఆ తర్వాత రోజు విడిచి రోజు, మొత్తం ఆరు విడతలు. ప్రతి విడత తర్వాత కిలోకు 100 మిల్లీగ్రాముల ఐవీఐజీ (ఎందరో దాతల ప్లాస్మా నుంచి తీసిన ఐజీజీ), చివరి విడత తర్వాత కిలోకు ఒక గ్రాము. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు. ఎక్స్‌ఛేంజ్‌లు ముగిశాక చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాముల రిటుక్సిమాబ్ ఒక మోతాదు.

ఆరు విడతలు ఎందుకు అవసరమయ్యాయో ఐజీజీ నడవడిక చెబుతుంది. శరీరంలోని ఐజీజీలో సగం కంటే తక్కువే రక్తనాళాల్లో ఉంటుంది, మిగిలినది కణజాలాల్లో ఉంటుంది. ఒక ఎక్స్‌ఛేంజ్ రక్తంలోని భాగంలో ఎక్కువ శాతాన్ని తీసేసినా, ఒకటి రెండు రోజుల్లో కణజాలాల్లోనిది రక్తంలోకి చేరి స్థాయి మళ్లీ పెరుగుతుంది. మధ్యలో తయారీ కూడా కొనసాగుతూనే ఉంటుంది. మూడో విడత వరకు ఏ2 స్థాయి దిగుతూ ఎక్కుతూ ఉండిపోయింది. ఆ రోజుల్లో క్రియాటినిన్ 4.6 దాకా వెళ్లింది, నీరు పట్టడంతో ఒకసారి డయాలసిస్ చేయవలసి వచ్చింది. నాలుగో విడత తర్వాత మూత్రం పెరగడం మొదలైంది. మూడున్నర వారాలకు క్రియాటినిన్ 1.5తో ఇంటికి పంపాం.

రిటుక్సిమాబ్ ఇవ్వడం మీద మా బృందంలోనే భిన్నాభిప్రాయం ఉంది. అది సీడీ20 ఉన్న బీ కణాలను తీసేస్తుంది. యాంటీబాడీని నిజంగా తయారుచేస్తున్న ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు. జ్ఞాపక కణాలు మరిన్ని ప్లాస్మా కణాలుగా మారకుండా అడ్డుకోవడం మా ఉద్దేశం, అది ఎంతవరకు నెరవేరిందో ఒక్క రోగిని చూసి చెప్పలేం. పూరక ప్రోటీన్ల వరుసలో సీ5ను అడ్డుకునే ఎక్యులిజుమాబ్‌ను నాలుగో విడతకూ ఫలితం లేకపోతే వాడాలని సిద్ధంగా ఉంచుకున్నాం, అవసరం పడలేదు. అది తొలి వారాల తీవ్ర గాయాన్ని ఆపగలదు గానీ యాంటీబాడీ తయారీని ఆపదు. 2020లో ఐరోపాలో షరతులతో అనుమతి పొందిన ఇమ్లిఫిడేస్ మరో చివర నుంచి పనిచేస్తుంది. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా నుంచి తీసిన ఆ ఎంజైమ్ రక్తంలోని ఐజీజీ మొత్తాన్ని గంటల్లో ముక్కలు చేస్తుంది, రెండు వారాల్లోపే యాంటీబాడీ తిరిగి రావడం మొదలవుతుంది. ఉన్న యాంటీబాడీని తీసేయడం నేర్చుకున్నాం; దాన్ని తయారుచేసే జ్ఞాపకాన్ని చెరిపే మందు కోసం ఇంకా వెతుకుతున్నాం. దీర్ఘకాలిక తిరస్కరణలో ప్లాస్మా కణాలను చంపే బోర్టెజోమిబ్ ప్రయోజనం చూపలేదని 2018లో వచ్చిన నియంత్రిత పరీక్ష తేల్చింది. ప్లాస్మా కణాల మీద ఉండే సీడీ38ను లక్ష్యంగా చేసుకున్న ఫెల్జార్టమాబ్ 2024లో ప్రచురితమైన చిన్న పరీక్షలో ఆశాజనకంగా కనబడింది.

ఏడో నెలలో సైటోమెగాలో వైరస్ రక్తంలో పెరిగింది, వాల్‌గాన్‌సైక్లోవిర్‌తో తగ్గింది. ఇంత మందుల బరువు మోసిన రోగిలో అది ఊహించినదే.

యాంటీబాడీ ఉంది, గాయం లేదు

ఏడాది నాటికి క్రియాటినిన్ 1.3, మూత్రంలో ప్రోటీన్ లేదు. ఏ2 ఎంఎఫ్‌ఐ 1,200, డీఆర్7 2,900. పలుచన చేసినా పెరగలేదు. అంటే దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీ ఇంకా ఉంది, పైగా డీఆర్7 మార్పిడి నాటి కంటే ఎక్కువగానే ఉంది. ముందే అనుకున్న ప్రకారం చేసిన బయాప్సీలో మాత్రం జీ0, పీటీసీ0, సీ4డీ నెగటివ్, గ్లోమెరులస్ గోడల్లో రెండు గీతలు పడే మార్పు (దీర్ఘకాలిక యాంటీబాడీ గాయపు గుర్తు) ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కూడా లేదు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? మొదటి సంభావ్యత యాంటీబాడీ స్వభావంలో ఉంది. ఐజీజీ1, ఐజీజీ3 ఉపతరగతులు పూరక ప్రోటీన్లను బలంగా రేపుతాయి, ఐజీజీ2 బలహీనంగా, ఐజీజీ4 దాదాపు రేపదు. ఆరో రోజు సీరంలో ఏ2 యాంటీబాడీ సీ1క్యూను బలంగా పట్టుకుంది, ఏడాది సీరంలో రెండు యాంటీబాడీలూ పట్టుకోలేదు. ఈ పరీక్షకు విలువ ఉందనడానికి 2013లో లూపీ బృందం వెయ్యికి పైగా రోగుల మీద ప్రచురించిన అధ్యయనం ఉంది. సీ1క్యూను పట్టుకునే డీఎస్‌ఏ ఉన్నవారిలో ఐదేళ్లకు పనిచేస్తున్న కిడ్నీలు 54 శాతం. డీఎస్‌ఏ ఉన్నా సీ1క్యూను పట్టుకోనివారిలో 93 శాతం, అసలు డీఎస్‌ఏ లేనివారిలో 94 శాతం. అయితే సీ1క్యూను పట్టుకోవడం చాలావరకు యాంటీబాడీ మోతాదు మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి, రోగిలో స్వభావం మారిందా, మోతాదు తగ్గినందువల్ల అలా కనబడుతోందా అనేది విడదీయడం కష్టం.

రెండో సంభావ్యత కిడ్నీలోనే ఉంది. బ్లడ్ గ్రూప్ కలవని మార్పిళ్లలో ఇది బాగా తెలిసిన సంగతి: మొదటి వారాలు దాటాక గ్రూప్ యాంటీబాడీ తిరిగి వచ్చినా, బయాప్సీలో సీ4డీ నిండుగా కనబడినా కిడ్నీ మామూలుగా పనిచేస్తుంది. ఎండోథీలియం తనను కాపాడుకునే సీడీ55, సీడీ59, హీమ్ ఆక్సిజనేజ్ వంటి ప్రోటీన్లను పెంచుకుని దాడిని తట్టుకుంటుందని దీనికి చెప్పే వివరణ. దీన్ని అకామడేషన్ అంటారు. హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీల విషయంలో ఇది అంత నమ్మకంగా జరగదు. మా రోగిలో సీ4డీ కూడా లేదు కాబట్టి ఆ పేరు పెట్టడానికి నేను వెనకాడతాను.

మరో వైద్యుడు ఈ అంకెలు చూసి నెలనెలా ఐవీఐజీ ఇవ్వమని సూచించారు. అంకెను తగ్గించడం కోసం చికిత్స చేయడం సరికాదన్నది మా అభిప్రాయం. బయాప్సీలో గాయం లేనప్పుడు దేన్ని మెరుగుపరుస్తున్నామో కొలిచే వీలు ఉండదు, ఖర్చూ దుష్ప్రభావాలూ మాత్రం ఖాయం.

రోగి అడిగిన ప్రశ్న

మూడో ఏడు గడిచాక ఒక సందర్శనలో రోగి అడిగారు: “యాంటీబాడీ ఉన్నా కిడ్నీ బాగానే ఉంది కదా డాక్టర్ గారూ, అంటే నా ఒళ్లు దీన్ని ఒప్పుకున్నట్టేనా? మాత్రలు కొన్నైనా ఆపకూడదా?” చేతి వణుకు, జుట్టు రాలడం, నెలకయ్యే ఖర్చు ఆ ప్రశ్న వెనక ఉన్నాయి. “ఇప్పుడే కాదమ్మా” అని ఊరుకోదగిన ప్రశ్న కాదది. ఆమె అడిగింది టాలరెన్స్ గురించి.

మందులేవీ లేకుండా కనీసం ఏడాదిపాటు మార్పిడి అవయవం స్థిరంగా పనిచేస్తే దాన్ని ఆపరేషనల్ టాలరెన్స్ అంటారు. కాలేయంలో దీన్ని ఎంపిక చేసిన రోగుల్లో వైద్యుల పర్యవేక్షణలో సాధించగలుగుతున్నారు. యాంటీబాడీ దాడిని కూడా కాలేయం కిడ్నీ కంటే బాగా తట్టుకుంటుంది. కిడ్నీలో ఇది చాలా అరుదు. తెలిసిన కేసుల్లో ఎక్కువమంది తమంతట తాము మందులు మానేసి, అదృష్టవశాత్తూ నిలబడినవారు. అటువంటివారి రక్తాన్ని పరిశీలించిన రెండు బృందాలు 2010లో ఎవరూ ఎదురుచూడని విషయాన్ని ప్రచురించాయి: వారిలో ప్రముఖంగా కనబడిన ముద్ర టీ కణాలది కాదు, బీ కణాలది. అనుభవం లేని, ఇంకా పరివర్తన దశలో ఉన్న బీ కణాలు వారిలో ఎక్కువ. ఇటువంటి కణాల్లో కొన్ని ఐఎల్10 అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేసి స్పందనను చల్లబరుస్తాయి. యాంటీబాడీని పుట్టించే వంశమే సహనాన్ని కూడా నిలబెడుతూ ఉండవచ్చన్న మాట. అయితే స్టెరాయిడ్లు, అజథయోప్రిన్ వంటి మందులు ఈ కణాలనే తగ్గిస్తాయి కాబట్టి, ఆ ముద్రలో కొంత భాగం మందులు లేకపోవడం వల్ల వచ్చిందేనని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. ఆ పరీక్షను చూసి మందులు ఆపే స్థితిలో మనం లేము.

బీ కణాలు నిజంగా టాలరెన్స్ నేర్చుకోగలవనడానికి స్పష్టమైన ఉదాహరణ శిశువుల్లో ఉంది. బ్లడ్ గ్రూప్ కలవని గుండెను పసిబిడ్డలకు అమర్చవచ్చని 2001లో లోరీ వెస్ట్ బృందం చూపించింది. ఆ పిల్లలు పెరిగాక దాత గ్రూప్ యాంటీజెన్‌కు యాంటీబాడీ తయారుచేయలేదని, ఆ పని చేసే బీ కణాలే వారిలో లోపించాయని 2004లో తెలిసింది. జ్ఞాపకం ఏర్పడకముందే యాంటీజెన్‌ను చూడటమే అక్కడి కీలకం. మా రోగి విషయంలో జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. విచిత్రమేమిటంటే, ఆమె శరీరం భర్త యాంటీజెన్లున్న బిడ్డలను తొమ్మిది నెలలు తిరస్కరించకుండా మోసింది, ఆ గర్భాల కాలంలోనే ఆ యాంటీజెన్లకు యాంటీబాడీలూ చేసుకుంది. మావిలోని పిండపు కణాల మీద ఏ, బీ, డీఆర్ యాంటీజెన్లు ఉండవు, నియంత్రక టీ కణాలు అక్కడ కాపలా ఉంటాయి. అందువల్ల ఆ రెండూ పక్కపక్కనే సాగగలిగాయి. కిడ్నీకి అటువంటి తెర లేదు, దాని ఎండోథీలియం నేరుగా రక్తానికి ఎదురుగా ఉంటుంది.

టీ కణాల వైపు సహనం సాధించినా యాంటీబాడీ ఒక్కటే కిడ్నీని తీసేయగలదని 2008లో కవాయ్ బృందం నివేదిక చెబుతుంది. దాత ఎముక మజ్జను, కిడ్నీని కలిపి అమర్చిన ఐదుగురిలో నలుగురు మందులు మానగలిగారు. ఒకరు యాంటీబాడీ తిరస్కరణతో కిడ్నీ పోగొట్టుకున్నారు. ఆ తర్వాత వారి విధానంలో రిటుక్సిమాబ్ చేరింది.

ఇదే కాలంలో మేము చూస్తున్న మరో రోగి, తల్లి కిడ్నీ పొందిన యువకుడు, ఏ లక్షణమూ లేదని టాక్రోలిమస్‌ను విడతలు విడతలుగా మానేశాడు. మార్పిడి నాడు అతనికి ఏ డీఎస్‌ఏ లేదు. కొత్తగా పుట్టిన డీక్యూ యాంటీబాడీ, మూత్రంలో ప్రోటీన్, బయాప్సీలో గ్లోమెరులస్ గోడల రెండు గీతలు ఒకేసారి బయటపడ్డాయి. ఈ నెమ్మది గాయానికి రుజువైన చికిత్స ఇప్పటికీ లేదు. ఆలస్యంగా పుట్టే డీఎస్‌ఏలలో రెండో తరగతివి, వాటిలోనూ డీక్యూ మీద వచ్చేవి ఎక్కువ. వాటి వెనక మందులు మానడం చాలా తరచుగా కనబడే కారణం. జ్ఞాపకం లేని ఆ యువకుడిలో మందులు తగ్గితే ఇది జరిగింది. జ్ఞాపకం ఉన్న ఆమెలో ఇంకా తొందరగా జరగవచ్చు. ఆమె ప్రశ్నకు ఈ మాటనే జవాబుగా చెప్పాం. ఆమె శరీరం కిడ్నీని ఒప్పుకోలేదు, మందులు ఒప్పిస్తున్నాయి.

అయినా కొంత సర్దుబాటు చేయగలిగాం. వణుకు కోసం రోజుకు ఒక్కసారి వేసుకునే టాక్రోలిమస్‌కు మార్చి, ఉదయపు స్థాయిని 6 నుంచి 8 మధ్య ఉంచుతున్నాం. డీఎస్‌ఏ ఉన్న రోగిలో అంతకంటే దిగనివ్వడం మాకు ఇష్టం లేదు. ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. ఆరు నెలలకొకసారి డీఎస్‌ఏ, ప్రతిసారీ మూత్రంలో ప్రోటీన్ చూస్తున్నాం. ఎంఎఫ్‌ఐ మునుపటి స్థాయికి రెట్టింపయినా, ప్రోటీన్ కనబడినా క్రియాటినిన్ కోసం ఎదురుచూడకుండా బయాప్సీ చేయాలన్నది అంగీకరించిన నియమం. తప్పనిసరైతే తప్ప రక్తం ఎక్కించవద్దని, ఎక్కిస్తే తెల్లకణాలు తీసిన రక్తమే ఇవ్వాలని ఆమె కార్డు మీద రాశాం. చివరి సందర్శనలో క్రియాటినిన్ 1.4. ఆమె సీరం నమూనాలన్నీ, ఆరో రోజుదానితో సహా, ప్రయోగశాల ఫ్రీజర్‌లో నిల్వ ఉన్నాయి. భవిష్యత్తులో మరో కిడ్నీ అవసరమైతే, అప్పటి పరీక్షలో కనబడినా కనబడకపోయినా, ఏ2, ఏ68, ఏ69, డీఆర్7 ఉన్న దాతలను ఆమెకు కేటాయించరాదని హెచ్‌ఎల్‌ఏ దస్త్రంలో నమోదు చేయించాం.